పన్నెండు వేల కిలోమీటర్ల కూపే, వేడెక్కితే లేవని క్లచ్ పెడల్

ఒక బండిలో లోపం ఎక్కడుందో తేల్చడానికి, మెకానిక్కునైన నాకు మూడు నెలలు పట్టింది. అదే లోపంతో లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి వచ్చి ఉంటే మొదటి రోజు సాయంత్రానికే తేల్చేవాడిని. ఆ తేడా ఎందుకు వచ్చిందో చాలా రోజులు ఆలోచించాను. ఇదే పనిలో ఉన్నవాళ్ళకూ, ఇలాంటి బండిని ఇంట్లో భద్రంగా దాచుకున్నవాళ్ళకూ ఉపయోగపడుతుందని ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. అనంతపురం చుట్టుపక్కల ఇలాంటి కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కంపెనీ పేరూ రంగూ చెబితే ఓనరు ఇంటిపేరు చెప్పినట్టే కాబట్టి ఆ రెండూ వదిలేస్తున్నాను.

నేపథ్యం

బండి 2010లో రిజిస్టరైన రెండు డోర్ల స్పోర్ట్స్ కూపే. ముందువైపు ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్, వెనుక చక్రాలకు డ్రైవ్. విదేశంలో పూర్తిగా తయారై దిగుమతి అయిన బండి. 1998లో మొదలైన ఆడి టీటీ కాలం నుంచి 2010 ప్రాంతం దాకా వచ్చిన ఇలాంటి కార్లను ఇప్పుడు మోడర్న్ క్లాసిక్ అంటున్నారు. మన చట్టం ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్ళు దాటాలని 2021లో నిబంధన పెట్టారు కాబట్టి, రవాణా శాఖ దృష్టిలో ఇది మామూలు పాత కారే. కానీ టర్బో లేని పెద్ద ఇంజను, హైడ్రాలిక్ స్టీరింగ్, చేత్తో మార్చే గేరు మూడూ ఒకే బండిలో కలిసి దొరికే కాలం దాదాపుగా అయిపోయింది. ఉన్నవాటిని జాగ్రత్తగా కాపాడుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

మొదటిసారి చూసినప్పుడు మీటరు 12,140 కిలోమీటర్లు చూపించింది. ఈ అంకెను నేను ఊరికే నమ్మలేదు. పెడల్ రబ్బర్ల అంచులు, డ్రైవరు సీటులో ఎక్కేటప్పుడు తొడ ఒరిసే వైపు తోలు, స్టీరింగ్ మీద చేతులు పట్టే చోటు, బ్రేక్ డిస్కుల అంచున మెట్టు ఏర్పడిందా లేదా, ఇవన్నీ చూశాను. అన్నీ ఒకే మాట చెప్పాయి. పెయింటు మందం కొలిచే మీటరు పెడితే అన్ని ప్యానెళ్ళ మీదా దాదాపు ఒకే రీడింగు వచ్చింది. డిక్కీలో టూల్ కిట్ సంచికి ఫ్యాక్టరీలో కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా అలాగే ఉంది. కింద ఎక్కడా తుప్పు లేదు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. రైతుకు అది శాపమే అయినా, ఇనుప షాసీకి మాత్రం మేలు చేస్తుంది.

బండిని ఊరి బయట ఒక తోటలో, రేకుల షెడ్డులో, తాడిపత్రి బండలు పరిచిన నేల మీద, గుడ్డ కవరు కప్పి ఉంచారు. వారానికి ఒకసారి తోటమనిషి వచ్చి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి ఆపేసేవాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప రోడ్డు మీదికి తీసేవారు కాదు. ఈ వారం వారం పది నిమిషాల పద్ధతిని చాలామంది మంచి అలవాటు అనుకుంటారు. పది నిమిషాల్లో కూలెంట్ వేడెక్కుతుందేమో గానీ ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన నీటి ఆవిరి, పెట్రోలు అంశ బయటికి పోవు. సైలెన్సరులో నీరు నిలుస్తుంది, బ్యాటరీకి పెద్దగా చార్జింగ్ కూడా జరగదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ పది నిమిషాల్లో క్లచ్, బ్రేకులు, గేర్‌బాక్స్, టైర్లు వేటికీ పని ఉండదు. ఇంజను ఒక్కటే మేలుకుంటుంది.

వచ్చిన సమస్య

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. తర్వాత ఫారం 25 పెట్టుకుని, బండిని చూపించి, అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ బండికి ఆ గడువు 2025 జులైలో ఉంది. ఆర్టీవో ఆఫీసుకు తీసుకువెళ్ళే లోపు ఒకసారి చూపిద్దామని ఫిబ్రవరిలో ఓనరు నా దగ్గరికి తెచ్చారు. నాకంటే చిన్నవారు, బండిని తండ్రి దగ్గర నుంచి తీసుకున్నవారు.

"అన్నా, చూసినావు కదా, పన్నెండు వేలే తిరిగింది, కొత్తబండి కిందే లెక్క. క్లచ్ ఒకటే కొంచెం తేడాగా ఉండాది. పొద్దున బాగానే ఉంటాది. టౌన్‌లో అరగంట తిరిగితే పెడల్ కిందికి పోయి పైకి రాదు. కాలితో లేపుకోవాల్సి వస్తాది" అన్నారు.

దీనితోపాటు ఇంకో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంది, ఉదయం స్టార్ట్ చేసిన కొత్తలో ఇంజను కొంచెం తడబడుతుంది. తడబాటు విషయం చిన్నది. ట్యాంకులో ఉన్న పెట్రోలు ఏడాదికి పైబడినది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ట్యాంకు ఖాళీ చేసి, కొత్త పెట్రోలు పోసి, ప్లగ్గులు శుభ్రం చేస్తే అది పోయింది. మిగతా రెండింటిలో క్లచ్ నాకు పాఠం నేర్పింది.

మొదటి ప్రయత్నం

ఈ బండిలో పెడల్ ఒత్తిడిని క్లచ్ దాకా చేర్చేది సన్నని లైనులో ఉండే ద్రవం. ఆ క్లచ్ ద్రవం డబ్బా మూత తీసి చూస్తే లోపల టీ డికాక్షన్ రంగులో ఉంది. రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేస్తే మధ్యలో నల్లటి సన్నని రేణువులు నిలిచాయి. సర్వీసు పుస్తకంలో దాన్ని మార్చినట్టు ఎక్కడా లేదు. అంటే 15 ఏళ్ళ నాటిది.

ఇక్కడ నేను ఆలోచించిన తీరు ఇది. ఈ ద్రవాన్ని మనం బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ ఇది నూనె కాదు, గ్లైకాల్ జాతికి చెందినది, తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ప్రమాణానికి చెందిన కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. లోపం వేడెక్కినప్పుడే కనిపిస్తోంది, చల్లబడితే పోతోంది. కాబట్టి పాత ద్రవంలో నీరు ఆవిరై బుడగలు కట్టి, పెడల్ ఒత్తిడిని మింగేస్తోందని తీర్మానించుకున్నాను. ద్రవం మార్చడం చవక, ఏ ఒరిజినల్ భాగాన్నీ తీయనక్కరలేదు, తప్పైనా నష్టం లేదు. ఇలాంటి బండి మీద ముందు అలాంటి పనే చేయాలి అన్న నియమం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను.

పాతదంతా తీసి, డబ్బా కడిగి, కొత్త డాట్ 4 పోసి, లైనులో చిక్కిన గాలి తీశాం. పెడల్ గట్టిగా, నిండుగా వచ్చింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద గార్లదిన్నె దాటి వెళ్ళి తిరిగి వచ్చాను. వెళ్ళి రావడం నలభై కిలోమీటర్ల పైమాటే. ఒక్కసారి కూడా పెడల్ తేడా చేయలేదు. బండి అప్పగించాను.

తొమ్మిదో రోజు టవర్ క్లాక్ దగ్గర, సాయంత్రం రద్దీలో, పెడల్ మళ్ళీ నేలకు అంటుకుంది. ఓనరు ఇంజను ఆపి, బండిని పక్కకు తోయించి, నాకు ఫోను చేశారు.

ఈ దశలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది పరీక్షలో. లోపం కనిపించేది రద్దీలో, బండి కదలకుండా నిలబడి, ఇంజను వేడి గేర్‌బాక్స్ చుట్టూ పేరుకున్నప్పుడు. నేను పరీక్షించింది బండి కింద నుంచి గాలి ధారగా వీచే హైవే మీద. ఓనరు చెప్పిన పరిస్థితిని నేను తిరిగి కల్పించనే లేదు.

రెండోది ఇంకా పెద్దది. గాలి తీయగానే పెడల్ బాగుపడింది కాబట్టి పాత ద్రవమే కారణం అనుకున్నాను. నిజానికి దానివల్ల రుజువైంది ఒక్కటే, లైనులో గాలి ఉండేదని. మూసి ఉన్న లైనులోకి గాలి ఎక్కడి నుంచి వచ్చింది అని నన్ను నేను అడగలేదు. తర్వాత ఒకరోజు ఇంజను బాగా వేడెక్కించి బెల్ హౌసింగ్ (ఇంజను, గేర్‌బాక్స్ కలిసే చోట క్లచ్‌ను కప్పే గుల్ల) మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే 90 డిగ్రీల లోపే చూపించింది. నీరు చేరిన డాట్ 4 మరగాలన్నా 155 దాకా పోవాలి. ఆ పదిహేనేళ్ళ ద్రవంలో తేమ ఎంత చేరి ఉన్నా, నా ఆవిరి సిద్ధాంతం నిలవడం కష్టం. ఆ థర్మామీటరు మొదటి రోజు కూడా నా బల్ల మీదే ఉంది.

రెండో ప్రయత్నం

తిరిగి వచ్చిన బండిని ర్యాంపు మీద ఎక్కించి చూశాం. పెడల్ తొక్కినప్పుడు ద్రవాన్ని లైనులోకి నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర చెమ్మ లేదు. డ్రైవరు కాళ్ళ దగ్గర కార్పెట్ పొడిగా ఉంది. లైనుల కీళ్ళు పొడిగా ఉన్నాయి. డబ్బాలో మట్టం కొంచెం తగ్గినట్టు అనిపిస్తే, గాలి తీసినప్పుడు చూసుకోలేదేమో అనుకుని మళ్ళీ నింపేశాను. ఈ ఒక్క పని వల్ల నాకు కనీసం అయిదు వారాలు పోయాయి. తగ్గిన ద్రవం ఆ క్షణంలో నా దగ్గరున్న ఏకైక సాక్ష్యం, దాన్ని నా చేత్తోనే చెరిపేశాను.

బయట కారుతున్నది ఏదీ లేదు కాబట్టి లోపలే జారుతోందని అనుకున్నాను. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగితే, పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు ద్రవం కప్పు పక్క నుంచి వెనక్కి జారుతుంది. బయటికి చుక్క రాదు. మొదటి గేరులో పెడల్ పూర్తిగా తొక్కి పట్టి చూస్తే, నిమిషం తర్వాత బండి చాలా మెల్లగా ముందుకు పాకింది. లక్షణం సరిపోయింది.

ఇక్కడ ఆగి అసలు విషయం చెప్పాలి. లైను అవతలి చివర, ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ ఈ బండిలో చాలా కార్లలో లాగా గేర్‌బాక్స్ బయట రెండు బోల్టులతో ఉండదు. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఉంగరంలా, బెల్ హౌసింగ్ లోపల ఉంటుంది. క్లచ్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్ దానికే అతుక్కుని ఉంటుంది. దాన్ని చూడాలంటే సైలెన్సరు పైపులు, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, గేర్‌బాక్స్ దించాలి. ఇద్దరికి రెండు రోజుల పని. నా మనసులో ఒక మాట బలంగా నాటుకుపోయి ఉంది: పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన బండికి గేర్‌బాక్స్ దించడమేమిటి? ఫ్యాక్టరీలో బిగించిన బోల్టుల మీద స్పానరు గుర్తు కూడా లేని బండి అది. ఆ బోల్టులను మొదటిసారి విప్పేవాడిని నేను కాకూడదు అనుకున్నాను.

మాస్టర్‌దా స్లేవ్‌దా తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండింటి మధ్య ఉన్న రబ్బరు హోసును మెత్తటి క్లాంపుతో బిగించి పెడల్ తొక్కాలి. పెడల్ రాయిలా నిలిచి కిందికి దిగకపోతే మాస్టర్ మంచిది, లోపం అవతల ఉంది. హోసుకు 15 ఏళ్ళు, నొక్కితే లోపలి పొర చిట్లుతుందని భయపడి ఆ పరీక్ష మానేశాను. భయం న్యాయమైనదే. కానీ దానికి ఇంకో దారి ఉంది: లైను విప్పి, మాస్టర్ మూతికి అదే మర ఉన్న బిరడా స్క్రూ బిగించి తొక్కి చూడటం. పది నిమిషాల పని. ఆ రోజు అది తట్టలేదంటే, తట్టాలని నేను కోరుకోలేదనే అర్థం. నాకు మాస్టరే దోషిగా కావాలి, ఎందుకంటే అది చేతికి అందే చోట ఉంది.

కొత్త మాస్టర్ సిలిండర్ రావడానికి మూడు వారాలు పట్టింది. బిగించి, గాలి తీశాం. పెడల్ బాగుంది. ఈసారి బుద్ధి తెచ్చుకుని, ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు, గ్యారేజీ ముందు ఎండలో, ఏసీ వేసి నలభై అయిదు నిమిషాలు నిలిపి ఉంచి, పెడల్ తొక్కుతూ వదులుతూ కూర్చున్నాను. నూట ఇరవయ్యోసారి దగ్గర పెడల్ మెత్తబడింది. నూట నలభైకి కిందే ఉండిపోయింది.

అదే సాయంత్రం, తీసిన పాత మాస్టర్‌ను వైసులో పట్టి, బిరడా స్క్రూ బిగించి, నింపి నొక్కాను. పది నిమిషాలు వెంట్రుకవాసి కూడా జారలేదు. దానిలో ఏ దోషమూ లేదు. ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పి, ఆ పనికి కూలి తీసుకోలేదు. కొత్తదాన్ని మాత్రం బండిలోనే ఉంచుదామని ఒప్పించాను. పాతదాని రబ్బరుకూ పదిహేనేళ్ళే, ఇవాళ నిలిచింది కాబట్టి వచ్చే ఏడాది నిలుస్తుందని చెప్పలేం. పాతదాన్ని తుడిచి, డబ్బాలో పెట్టి, మీద తేదీ, కిలోమీటర్లు రాసి ఇచ్చాను. ఒరిజినల్ భాగాన్ని పారేయకుండా బండితోపాటే ఉంచితే, బండి చరిత్ర చెడదు.

సాక్ష్యం దొరికిన తీరు

మరునాడు మొదటి నుంచి మొదలుపెట్టాను. డబ్బాలో ద్రవాన్ని సరిగ్గా ఒక మట్టానికి తెచ్చి, బయట సన్నని మార్కరుతో గీత గీశాను. ముందు రోజు లాగే వేడెక్కించి, రెండు వందలసార్లు తొక్కి, చల్లారాక చూస్తే, మట్టం గీతకు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంది. ద్రవం లోపల జారితే మట్టం తగ్గదు. తగ్గిందంటే బయటికి పోతోంది. బయట ఎక్కడా కనిపించలేదంటే, కనిపించని చోటికి పోతోంది. కనిపించని చోటు ఒక్కటే ఉంది.

బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దాని గుండా చుట్టిన తెల్ల నూలుగుడ్డ పీలికను సన్నని తీగతో లోపలికి పంపి, అడుగున తిప్పి తీశాను. చివర నల్లగా తడిసి వచ్చింది. అయితే తడి అనగానే క్లచ్ ద్రవమే అనుకోకూడదు. క్రాంక్ వెనుక ఆయిల్ సీలు కారినా, గేర్‌బాక్స్ ముందు సీలు కారినా అక్కడే చేరుతుంది. మా పిల్లవాడు టీ తాగిన స్టీలు గ్లాసు కడిగి, సగం దాకా నీళ్ళు పోసి, ఆ పీలికను అందులో పిండాడు. ఇంజన్ ఆయిలో గేర్ ఆయిలో అయితే నీటి మీద వలయాలుగా, రంగులు మెరుస్తూ తేలుతుంది. ఇది తేలలేదు. కలకండ కరిగేటప్పుడు నీళ్ళలో కనిపించే సన్నని తీగల్లాగా కిందికి దిగుతూ కలిసిపోయింది, దుమ్ము మాత్రం అడుగున మిగిలింది. గ్లైకాల్ ద్రవం నీటిలో కలుస్తుంది, నూనె కలవదు. స్లేవ్ సిలిండర్ కారుతోందని ఆ గ్లాసు తేల్చింది.

అప్పుడు మిగతాదంతా ఒక్కొక్కటిగా అర్థమైంది. పెడల్ వదిలినప్పుడు స్లేవ్ పిస్టన్ వెనక్కి వస్తుంది. గట్టిపడిన సీలు పెదవి సిలిండరు గోడను అంటిపెట్టుకోలేక, ఆ క్షణంలో కొంచెం గాలిని లోపలికి పీలుస్తుంది, తొక్కినప్పుడు కొంచెం ద్రవాన్ని బయటికి విడుస్తుంది. వేడికి ద్రవం పలచబడి, భాగాల మధ్య సందులు మారి, ఇది ఎక్కువవుతుంది. గాలి తీసిన ప్రతిసారీ కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికి రావడానికి కారణం ఇదే. మొదటి గేరులో బండి పాకడానికీ ఇదే కారణం. ఆ లక్షణం మాస్టర్‌కు ఎంత సరిపోతుందో స్లేవ్‌కూ అంతే సరిపోతుంది.

గేర్‌బాక్స్ దించాక

ఓనరుకు ఫోనులో చెప్పినప్పుడు కొంచెం సేపు మాట్లాడలేదు. "ఇంక దించక తప్పదా అన్నా?" అన్నారు. "తప్పదు సార్. ఈ పని ఫిబ్రవరిలోనే చేసి ఉండాల్సింది, ఆలస్యం నాది" అన్నాను. ప్రతి బోల్టుకూ ఫోటో తీస్తామని, బోల్టు తలలు చెడకుండా ఆరు పలకల సాకెట్లే వాడతామని మాట ఇచ్చాను, అలాగే చేశాం.

బెల్ హౌసింగ్ లోపల స్లేవ్ చుట్టూ ద్రవం, దుమ్ము కలిసి కాటుకలా ముద్దకట్టి ఉన్నాయి. దుమ్ము ఆపే రబ్బరు తొడుగును వేలితో వంచితే మడతల దగ్గర పగుళ్ళు విచ్చుకున్నాయి. విప్పి సీలును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కాను. కొత్త సీలు మెత్తగా వంగి, వదలగానే ఆకారానికి వస్తుంది. ఇది వంగింది గానీ వెంటనే తిరిగి రాలేదు, అట్ట ముక్కలా అలాగే కొన్ని క్షణాలు ఉండిపోయింది. అరుగుదల గీతలు దాని మీద దాదాపు లేవు. పని చేసి పాడైన సీలు కాదది. రేకుల షెడ్డులో పదిహేను వేసవులు పాత ద్రవంలో నాని, కదలకుండా ఒకే భంగిమలో ఉండి గట్టిపడింది.

ఫ్లైవీల్ మీద ఇంకొక గుర్తు ఉంది. క్లచ్ ప్లేటు ఏళ్ళ తరబడి ఒకే చోట ఆనుకుని ఉండటం వల్ల, దాని ఆకారంలో పలచటి తుప్పు నీడ పడింది.

ఇక్కడ నిర్ణయాలు తీసుకోవాలి. గేర్‌బాక్స్ దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగులు, సీళ్ళు అన్నీ కలిపి మార్చేయడం మా పనిలో రివాజు, ఎందుకంటే కూలి ఒక్కసారితో పోతుంది. రోజూ తిరిగే బండికి అది సరైన పద్ధతి. ఈ బండిలో క్లచ్ ప్లేటు మందం కొలిస్తే కొత్తదానికి చాలా దగ్గరగా ఉంది, ద్రవం దాని ముఖాలకు తగలలేదు, స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. అందుకని ప్లేటునూ ప్రెషర్ ప్లేటునూ ఉంచాను. తుప్పు నీడను సన్నని ఎమెరీ కాగితంతో తీసి, క్లీనరుతో తుడిచాను. రిలీజ్ బేరింగుతో కలిసిన స్లేవ్ కొత్తది, ఇన్‌పుట్ షాఫ్టు కొనను పట్టే పైలట్ బేరింగు కొత్తది, నేను నొక్కడానికి భయపడిన రబ్బరు హోసు కొత్తది వేశాను.

క్రాంక్ వెనుక సీలు విషయంలో ఒక పూట ఆలోచించాను. దానికీ అంతే వయసు. కానీ అది ఎప్పుడూ ఇంజన్ ఆయిల్ తడిలో ఉంటుంది, వారం వారం ఇంజను తిరిగినప్పుడు అది కూడా పని చేసింది, చుట్టూ పొడిగా ఉంది. పొడిగా ఉన్న సీలును ఊడదీయడంలో షాఫ్టు మీద గీత పడే ప్రమాదం ఉంది. వదిలేశాను. ఇందులో నాతో ఏకీభవించని మెకానిక్కులు చాలామందే ఉంటారని తెలుసు. వాళ్ళ వాదనలోనూ బలం ఉంది, రేపు అది కారితే మళ్ళీ రెండు రోజుల పని. ఓనరుకు రెండు వైపులా చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే వదిలేశాను, జాబ్‌కార్డు మీద అదే రాశాను.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి స్లేవ్‌ను గేర్‌బాక్స్ బిగించకముందు పెడల్ తొక్కి పరీక్షించకూడదు. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ హద్దు దాటి బయటికి వచ్చేస్తుంది, కొత్త భాగం అక్కడికక్కడే పాడవుతుంది. గాలి తీసేటప్పుడు కూడా పెడల్‌ను టపటపా కొట్టకూడదు. అలా కొడితే పెద్ద బుడగ చిన్న చిన్న నురుగుగా చీలి లైనంతా పాకుతుంది. మేము బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ద్రవం దానంతట అదే దిగేలా గంటసేపు వదిలి, ఆ తర్వాతే నెమ్మదిగా తొక్కాం.

మే మొదటి వారంలో, మధ్యాహ్నం నీడలో కూడా 41 డిగ్రీలున్న రోజున, అదే చోట నలభై అయిదు నిమిషాలు నిలిపి, రెండు వందలసార్లు తొక్కి, వెంటనే సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా సాయంత్రం రద్దీలో మూడుసార్లు తిరిగాను. పెడల్ ఉదయం ఎక్కడ పట్టిందో రాత్రి కూడా అక్కడే పట్టింది. మట్టం గీత మీదే ఉంది.

టైర్ల సంగతి

స్టీరింగ్ వణుకు ఈలోపే తేలిపోయింది గానీ, ఓనరును ఒప్పించడానికి ఎక్కువ రోజులు పట్టింది. టైర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. అచ్చు నుంచి తీసినప్పుడు ఉండే రబ్బరు వెంట్రుకలు అంచుల దగ్గర ఇంకా ఉన్నాయి, ఆయన వాటిని వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తారు. గోడ మీద కోడ్ చివరి నాలుగు అంకెలు 4809. అంటే 2009 సంవత్సరం 48వ వారంలో తయారైనవి. రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోలేదు, ఎందుకంటే బండల నేల మీద ఏళ్ళ తరబడి ఒకే చోట ఆని, టైరు అడుగు చదునుబారి అలాగే గట్టిపడింది.

నేను ఆయనకు కొత్త టైరు ముక్క ఒకటి, ఆయన టైరు ఒకటి చూపించి, రెండింటి మీదా గోరు గుచ్చమన్నాను. కొత్తదాని మీద గోరు గుర్తు పడి మెల్లగా మాయమైంది. పాతదాని మీద గోరు జారిపోయింది. గాడిలో టార్చి వేస్తే అడుగున సన్నని పగుళ్ళ వరస కనిపించింది. టైరుకు పదేళ్ళు దాటితే అరుగుదలతో పని లేకుండా మార్చమని చాలామంది తయారీదారులే చెబుతారు. "సార్, ఈ బండికి ఉన్న శక్తి, హైవే మీద మీరు పోయే వేగం, రెండింటినీ రోడ్డుకు పట్టి ఉంచేది ఈ నాలుగు అరచేతులంత రబ్బరే. అది గట్టిపడితే వానలో బ్రేకు ఎంత మంచిదైనా లాభం లేదు" అన్నాను. ముందూ వెనుకా వేర్వేరు సైజులు కావడంతో బెంగళూరు నుంచి తెప్పించాల్సి వచ్చింది. పాత టైర్లు నాలుగూ ఆయన తోటలో, కవర్లలో, నీడన ఉన్నాయి. ప్రదర్శనకు పెట్టేటప్పుడు కావాలంటే వేసుకోవచ్చు, రోడ్డు మీదికి మాత్రం వద్దని చెప్పాను.

నా పనిలో మారినవి

ఈ కేసులో నన్ను తప్పుదారి పట్టించింది మీటరు అంకె. తక్కువ తిరిగిన బండి అనగానే, అరిగిపోయే భాగాలన్నింటినీ మనసులోనే నిర్దోషులుగా ప్రకటించేశాను. అరగడం దూరంతో జరుగుతుంది, నిజమే. కానీ రబ్బరు గట్టిపడటం, ద్రవం తేమ పీల్చడం, టైరు ఎండిపోవడం కాలంతోనూ వేడితోనూ జరుగుతాయి, కదలకపోతే ఇంకా త్వరగా జరుగుతాయి. ఇప్పుడు ఇలాంటి బండి వస్తే జాబ్‌కార్డు మీద కిలోమీటర్ల కంటే ముందు మూడు తేదీలు రాయిస్తున్నాను: టైరు పుట్టిన వారం, బ్రేకు, క్లచ్ ద్రవం చివరిసారి మార్చిన నెల, బండి చివరిసారిగా వరుసగా ముప్పై కిలోమీటర్లు తిరిగిన రోజు. మూడోది అడిగితే చాలామంది ఓనర్లు జవాబు కోసం కాసేపు పైకప్పు వైపు చూస్తారు.

ఏ డబ్బాలోనైనా ద్రవం తగ్గి కనిపిస్తే, గీత గీయకుండా, ఫోటో తీయకుండా నింపకూడదని మా పిల్లలకు చెప్పాను. రెండు అనుమానాల మధ్య తేల్చే పరీక్ష ఉన్నప్పుడు, అది చేయకుండా భాగం ఆర్డరు చేయడం కూడా మానేశాం. వేర్వేరు మరల బిరడా స్క్రూలను ఒక చిన్న డబ్బాలో పెట్టి, గోడకు తగిలించాను.

తోటలో వారం వారం స్టార్ట్ చేసే అలవాటు మానిపించాను. దాని బదులు పదిహేను రోజులకోసారి, ఉదయం చల్లని వేళ, పామిడి దాకా పోయి రమ్మన్నాను. ఆయిల్ పూర్తిగా వేడెక్కుతుంది, ప్రతి గేరూ పడుతుంది, టైరు ఒకే చోట ఆనదు. ట్యాంకు నిండా ఉంచమని, ద్రవాలు రెండేళ్ళకోసారి మార్చమని చెప్పాను.

జూన్‌లో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్ళిన రోజు నేనూ వెంట వెళ్ళాను. లైన్లో నలభై నిమిషాలు, ఎండలో, ఇంజను నడుస్తూనే ఉంది. పని అయిపోయాక ఓనరు బానెట్ ఎత్తించి, ముందుగా చూసింది ఇంజను కాదు, క్లచ్ ద్రవం డబ్బా. నవంబరులో సర్వీసుకు వచ్చినప్పుడు మీటరు 13,020 చూపించింది. మార్కరు గీత కొంచెం వెలిసింది గానీ చదవడానికి వీలుగానే ఉంది. ద్రవం దాని మీదే ఉంది.